తీన్మార్ దరువు 16 గళ్ళలో ఇమడడం లేదు, ఎక్కడ తప్పుతున్నాను?

జనగామ బస్సు:

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా ఈ సంగీతం ఫోరంలో మీరు రాసేవన్నీ చదువుతున్నాను గానీ, నేను రాయడం ఇదే మొదలు. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది జనగామ దగ్గర పల్లె. హైదరాబాదులో ఒక కళ్ళద్దాల దుకాణంలో బిల్లులు వేస్తాను. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కానీ మా పెద్దనాన్న డప్పు కొడతాడు. మా ఊళ్ళో పెళ్ళి ఊరేగింపైనా బోనాలైనా ఆయన రానిదే కదలవు. చిన్నప్పుడు గడ్డి తెచ్చి మంట వేయడం నా పని. ఆయన ఆ సెగకు డప్పును తిప్పి తిప్పి కాచేవాడు. వేలితో ఒకసారి తట్టి చెవి ఒగ్గేవాడు. "ఇంకా గొంతు లేవలేదు" అని మళ్ళీ మంట మీద పట్టేవాడు. గొంతు లేచాక కొట్టే మొదటి దెబ్బ నా పొట్టలో తగిలేది.

ఆ మోత కింద బరువైన ఎలక్ట్రానిక్ బాసు నడవాలి, పైన సింథసైజర్ స్వరాలు సాగాలి. ఇదీ నా కోరిక. డీజే పాటల్లో డప్పు ఉంది కదా అనకండి. అది ఎక్కడో ఎవరో ఒకసారి కొట్టిన ముక్క, ఎన్ని పాటలు విన్నా అదే ముక్క. నాకు మా పెద్దనాన్న చెయ్యి కావాలి.

ఇప్పటిదాకా చేసిన ఘనకార్యాలు కూడా చెబుతాను. మొదట 6,500 రూపాయలు కట్టి ఆన్‌లైన్ కోర్సు ఒకటి తీసుకున్నాను. మొదటి తొమ్మిది వీడియోలూ గది గోడలకు ఏ నురుగు పలకలు అంటించాలో, ఏ స్పీకర్లు ఎంత ఎత్తున పెట్టాలో చెప్పాయి. నేనుండేది హాస్టల్లో, గదికి నలుగురం. పదో వీడియో తెరవలేదు. తర్వాత పాటలు కూర్చే ఒక పేరున్న సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేసుకుని పదకొండు రాత్రులు కూర్చున్నాను. ల్యాప్‌టాప్ ఆపకుండా మూత మాత్రం వేసి పడుకోవడం నా అలవాటు. పన్నెండో రోజు కరెంటు పోయింది, బ్యాటరీ అయిపోయింది. సేవ్ చేసి ఉంది కదా అని ధీమాగా తెరవబోతే, ట్రయల్‌లో సేవ్ చేసిన ఫైలు డబ్బు కట్టాకే తెరుచుకుంటుందట. షరతు ముందే రాసి పెట్టారు, చదవని తప్పు నాదే. అయినా ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇక అసలు బాధ. ఫోనులో రికార్డు చేసిన పెద్దనాన్న తీన్మార్ దరువును దెబ్బ దెబ్బకూ ఆపి వింటూ, అదే వరుసలో సాఫ్ట్‌వేర్ గళ్ళలో పెట్టబోయాను. వరుసకు 16 గళ్ళు, ఏ గడి నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది. మొదటి దెబ్బ చక్కగా కూర్చుంటోంది. రెండోది మాత్రం ఒక గడి దాటాక, తర్వాతి గడి రాకముందు పడుతోంది. ముందు గడిలో పెడితే తొందరపడుతుంది, వెనక గడిలో పెడితే కుంటుతుంది. వారం రోజులు కుస్తీ పట్టాను. తప్పు నా చెవిదా, ల్యాప్‌టాప్‌దా?

ల్యాప్‌టాప్ ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నాయి. దాచుకున్నది 10 వేలు. దాంతో ముందు ఏమి కొనాలో చెప్పండి.


నలభై నాలుగు పాయింట్ ఒకటి:

స్వాగతం. చెవిని తర్వాత అనుమానించవచ్చు, ముందు ఆ ఇయర్‌బడ్స్ తీసి పక్కన పెట్టండి. పాటలు వినడానికి అవి బాగానే ఉంటాయి. పాట మొత్తం ఒకే ఆలస్యంతో వస్తుంది కాబట్టి మనకు తెలియదు. మీట నొక్కి దెబ్బ వినాలంటే మాత్రం పనికిరావు. బ్లూటూత్‌లో ధ్వని చెవికి చేరడానికి సాధారణంగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. మీ దరువులో ఈలోపు ఇంకో దెబ్బ పడిపోతుంది. ఎంత చౌకవైనా సరే, వైరున్న ఇయర్‌ఫోన్లు వాడండి.

తర్వాత బఫర్. కంప్యూటర్ ధ్వనిని ధారగా పంపదు, చెంబులతో ముంచి పోస్తుంది. సెకనుకు 44,100 నమూనాల చొప్పున లెక్కేసుకోండి. బఫర్ 1024 అంటే అన్ని నమూనాలు చెంబు నిండేదాకా ఆగుతుంది, అంటే దాదాపు 23 మిల్లీసెకన్లు. 256 పెడితే 6 మిల్లీసెకన్ల లోపే. మరీ చిన్న చెంబు ఇస్తే మీ ఐ3కి ఊపిరాడక చిటపటలు వినిపిస్తాయి. వాయించేటప్పుడు 256, చివర్లో అన్నీ కలిపి సరిచూసుకునేటప్పుడు 1024 పెట్టుకోండి. విండోస్ మామూలు దారిలో ఇంకొంత ఆలస్యం కలుస్తుంది. ఆసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకుంటే అది చాలావరకు తగ్గుతుంది.

కొనే వరుస నా లెక్కలో ఇది: ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు ధ్వనిని కంప్యూటర్‌లోకి చేర్చే పెట్టె), 25 మీటల మిడి కీబోర్డు (కంప్యూటర్‌లోని వాయిద్యాలను మోగించే మీటలు), మంచి హెడ్‌ఫోన్లు. 10 వేలకు మూడూ రావు. ఇంటర్‌ఫేస్ కొంటే దాంతోపాటు ఏబుల్టన్ లైవ్ లైట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తారేమో చూసుకుని కొనండి. పునాది గట్టిగా వేసుకోకపోతే తర్వాత అంతా మళ్ళీ కొనాల్సి వస్తుంది.


ఆర్కెస్ట్రా పాతకాపు:

తమ్ముడూ, ఆ పది వేలు బ్యాంకులోనే ఉండనివ్వు.

పైనాయన చెప్పిన వైరు, బఫర్ సంగతులు నూటికి నూరుపాళ్ళు నిజం. కొనుగోళ్ళ జాబితాను మాత్రం ఏడాది తర్వాత చూద్దువుగాని. ఇంటర్‌ఫేస్ ముఖ్యంగా మైకు పెట్టి పాడేవాళ్ళకు కావాలి, నీ దగ్గర మైకే లేదు. మీటల కీబోర్డు బదులు ల్యాప్‌టాప్ అక్షరాల మీటలే స్వరాలు పలుకుతాయి. మెత్తగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకేలా పలకడం వాటి లోటు. దాన్ని తర్వాత మౌసుతో దిద్దుకోవచ్చు.

నేను విజయవాడ చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించడం మొదలుపెట్టి 19 ఏళ్ళు. మా మొదటి కీబోర్డుకు ఫ్లాపీ దూర్చే సందు ఉండేది. గుడివాడలో ఒక రిసెప్షన్‌లో జనరేటర్ ఒక్కసారి దగ్గి ఆగింది. కీబోర్డు ఆరిపోయి మళ్ళీ వెలిగింది. రెండు నెలలు కూర్చుకున్న దరువులన్నీ పోయాయి. వేదిక మీదికి పెళ్ళికూతురు అడుగు పెడుతుండగా ఫ్యాక్టరీలో ఎవరో పెట్టిన దొరల నాట్యం ఒకటి మోగింది. పెళ్ళికొడుకు తాలూకు వాళ్ళు ఇప్పటికీ కనిపిస్తే నవ్వుతారు. నీ పదకొండు రాత్రుల బాధ నాకు కొత్త కాదు.

ఇక నీ ప్రశ్న. నీ చెవి బంగారం లాంటిది. తేడా అంతా గళ్ళలో ఉంది. తొడ మీద తాళం వేస్తూ ఒక్కో దెబ్బకు "తకధిమి" అని చూడు. నాలుగు దెబ్బలకు నాలుగు తకధిములు, 16 అక్షరాలు. ఆ గళ్ళు కట్టింది ఈ నడకకు. ఇప్పుడు అదే తాళం మార్చకుండా "తకిట" అను. నాలుగు తకిటలకు 12 అక్షరాలు. మీ తీన్మార్‌ది ఈ మూళ్ళ నడక. కచేరీల వాళ్ళు మొదటిదాన్ని చతురశ్రం అనీ రెండోదాన్ని తిశ్రం అనీ అంటారు. మీ పెద్దనాన్నకు ఆ పేర్లతో పని లేదు.

లెక్క కూడా చెబుతాను, నమ్మకం కుదురుతుంది. నీ రికార్డులో అరనిమిషం పాటు తాళం లెక్కపెట్టు. 56 వచ్చాయనుకో, నిమిషానికి 112. తాళానికీ తాళానికీ మధ్య 536 మిల్లీసెకన్లు. దాన్ని మూడు చేస్తే రెండో దెబ్బ 179 దగ్గర పడాలి. నువ్వు దాన్ని నాలుగు గళ్ళలో పెట్టబోయావు. అక్కడున్న గళ్ళు 134 దగ్గర ఒకటి, 268 దగ్గర ఒకటి. 179కి గడి లేదు. దగ్గరి గడిలో పెట్టినా 45 మిల్లీసెకన్లు ముందే పడుతుంది. అంత చిన్న తేడాను పట్టుకుని వారం రోజులు కుస్తీ పట్టావంటే, నీకు నురుగు పలకల కోర్సు ఎందుకయ్యా? కాలమానం (ఒక్కో చుట్టులో ఎన్ని భాగాలో చెప్పే గుర్తు) 4/4 నుంచి 6/8కి మార్చు, గళ్ళు దారికొస్తాయి.

సాఫ్ట్‌వేర్ కోసం రీపర్ వేసుకో. 60 రోజులు ఏ కోతా లేకుండా పనిచేస్తుంది, సేవ్ చేసింది తెరుచుకుంటుంది. నచ్చితే నీలాంటి వాళ్ళకు లైసెన్సు 60 డాలర్లు. అదీ వద్దనుకుంటే ఎల్ఎంఎంఎస్ పూర్తిగా ఉచితం. రీపర్‌తో ఒక చిక్కుంది. అది ఖాళీ ఇల్లు. గోడలు గట్టివే, లోపల చెంబు కూడా ఉండదు. మొదటిరోజు తెరిచి, వాయిద్యాలు ఏవని వెతుక్కుని మూసేసినవాళ్ళను చాలామందిని చూశాను. సింథసైజర్ కోసం వైటల్ గానీ సర్జ్ ఎక్స్‌టీ గానీ వేసుకో, ఉచితంగా దొరుకుతాయి. ఏదో ఒకటే. రెండూ వేసుకుంటే రెండూ నేర్చుకోవు.

డప్పు సంగతికి వద్దాం. పూర్తి దరువు రికార్డు చేసి ముక్కలు కోయవద్దు. ఒక దెబ్బ మోత ఇంకో దెబ్బలో కలిసిపోయి ఉంటుంది. పెద్దనాన్నను విడి దెబ్బలు అడుగు. కుడిచేతి సిర్రతో, ఎడమచేతి చిటికెన పుల్లతో, మెత్తగా, మధ్యరకంగా, బలంగా, ఒక్కోటి నాలుగేసి సార్లు కొట్టించు. ప్రతి దెబ్బ మోతా పూర్తిగా ఆగాకే తర్వాతిది. నాలుగేసి ఎందుకంటే, ఒకే దెబ్బను మళ్ళీ మళ్ళీ వాడితే కుట్టుమిషన్ లాగా ఉంటుంది. మనిషి ఏ రెండు దెబ్బలూ ఒకేలా కొట్టడు. ఫోనును మూడు నాలుగు అడుగుల దూరంలో, కాస్త పక్కకు పెట్టు. దగ్గర పెడితే బలమైన దెబ్బకు ధ్వని పగిలిపోతుంది, ఆ పగులును ఏ సాఫ్ట్‌వేరూ అతకలేదు. టైల్స్ వేసిన గదిలో వద్దు, వాకిట్లో చేయి.

తర్వాత ఒక్కో దెబ్బను రీపర్‌లోనే ఉండే రీసాంప్లోమాటిక్ 5000 అనే పరికరంలో వేసి, ఒక్కో మీటకు ముడిపెట్టు. పేరు భయపెట్టినా పని చిన్నదే. మీట నొక్కినప్పుడు మిడి అనేది ధ్వనిని మోయదు, "ఫలానా స్వరం, ఇంత బలంతో" అని చీటీ మాత్రం తీసుకెళుతుంది. ఆ బలం 1 నుంచి 127 దాకా ఉంటుంది. 1983 నుంచి అన్ని కంపెనీల వాయిద్యాలూ ఆ చీటీ చదువుతున్నాయి.

ఖరీదైన పెట్టెలు లేవని దిగులేస్తే ఇది గుర్తు తెచ్చుకో. జపాన్‌లోని రోలాండ్ కంపెనీ 1981లో టీబీ-303 అని చిన్న వెండిరంగు పెట్టె తెచ్చింది. గిటారు వాయించేవాళ్ళకు తోడుగా బాసు వాయిస్తుందని అమ్మారు. దాని గొంతు బాసు గిటారులా ఏ కోశానా లేదు. 1984కల్లా తయారీ ఆపేశారు. పాత సామాన్ల దుకాణాల్లో చౌకగా దొరికిన ఆ పెట్టెలను షికాగో కుర్రాళ్ళు కొని, ఫిల్టర్ (ధ్వనిలో కొంత భాగాన్ని కోసే మీట) తిప్పుతూ కీచుమనిపించి, 1987 నాటికి యాసిడ్ హౌస్ అనే కొత్త రకం సంగీతం బయటికి తెచ్చారు. వాళ్ళకంటే ఐదేళ్ళ ముందే, 1982లో, బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అదే 303కు, 808 డ్రమ్ యంత్రానికి, జూపిటర్-8 సింథసైజర్‌కు తీగలు కలిపి రాగాలు వాయించి రికార్డు వేశారు. ఆయన హిందీ సినిమా ఆర్కెస్ట్రాల మనిషి, అంటే మా బాపతే. అప్పుడు పట్టించుకున్నవాళ్ళు లేరు. 2010లో ఆ రికార్డు మళ్ళీ విడుదలయ్యాక విన్నవాళ్ళు తేదీ చూసి కళ్ళు నులుముకున్నారు.

వచ్చే ఆదివారంలోగా ఎనిమిది ఆవర్తాలు (నాలుగేసి తాళాల చుట్లు) చాలు. డప్పు, బాసు, ఒక సింథసైజర్. బాగా లేకపోయినా పూర్తి చేసి ఇక్కడ పెట్టు.


భీమిలి గాలి:

పాతకాపు గారు బాసు అన్నారు గానీ, దాని దగ్గర మొదట అందరూ పడే గోతి చెప్పలేదు. ఆ గోతిలో నేను పడ్డాను కాబట్టి నేను చెబుతాను.

నా మొదటి పాటలో బాసు 55 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. ల్యాప్‌టాప్ స్పీకర్లలో వినిపించలేదు. పెంచాను. ఇంకా పెంచాను. మా బావ కారులో పెట్టి వినిపిస్తే అద్దాలు గడగడలాడాయి, వెనక సీట్లో పడుకున్న మేనల్లుడు లేచి ఏడ్చాడు. ల్యాప్‌టాప్, ఫోను స్పీకర్లు అంత లోతుకు దిగలేవు. అందులో వినబడలేదని పెంచకూడదు. బాసు మీద కొంచెం సాచురేషన్ (ధ్వనిని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) వేయండి. అప్పుడు 55కి పైన 110, 165, 220 దగ్గర దాని నీడలు పుడతాయి. చిన్న స్పీకరు ఆ నీడలను పలుకుతుంది, అసలు స్వరాన్ని చెవి ఊహించుకుంటుంది. మిగిలిన వాయిద్యాల్లో 100 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని చాలావరకు కోసేయండి. అక్కడ బాసు ఒక్కటే కాపురం ఉండాలి. డప్పు అడుగు మోతను మాత్రం చెవితో విని కోయండి, లెక్కతో కాదు. పొట్టలో తగిలేది అదేనేమో కదా.

సింథసైజర్ తెరవగానే తిప్పే మీటలు నాలుగు కనిపిస్తాయి: అటాక్ (ధ్వని లేవడం), డికే (తగ్గడం), సస్టెయిన్ (నిలవడం), రిలీజ్ (వదిలాక ఆగడం). నాకు ఇవి గుడిలో అర్థమయ్యాయి. గంట కొట్టగానే ధ్వని ఒక్కసారిగా లేస్తుంది, అటాక్ సున్నా. నిలకడ లేదు, సస్టెయిన్ సున్నా, మెల్లగా చాలాసేపు కరుగుతుంది, అంటే డికే పొడవు. పక్కనే నాదస్వరం ఊదుతున్నాడు. గాలి నింపుతూ కాస్త మెల్లగా లేస్తుంది, ఊదినంతసేపూ నిలబడుతుంది, ఆపగానే ఆగుతుంది. సస్టెయిన్ నిండుగా, రిలీజ్ పొట్టిగా. మొదటి వారం ఈ నాలుగూ, ఫిల్టర్ తప్ప ఇంకే మీటా ముట్టుకోకండి.

పాత సినిమా పాట ముక్క తీసి కలపాలని ఎవరైనా ఉసిగొల్పితే వినకండి. రికార్డు హక్కులు కంపెనీవి, ఎక్కించినా దించేయగలరు. మీ దగ్గర ఎవరి దగ్గరా లేని డప్పు ఉంది. దాని కింద పెద్దనాన్న గారి పేరు వేయండి, ఆయన్ను అడిగే వేయండి.


జనగామ బస్సు:

ముందుగా ఒక మాట పాతకాపు గారూ. నేను తమ్ముణ్ణి కాదు, చెల్లెల్ని. చెవి బంగారం అన్నారు కాబట్టి మన్నించాను.

రెండు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. "దరువు వద్దు, విడిగా ఒక్కో దెబ్బ కొట్టు" అంటే పెద్దనాన్న నన్ను ఎగాదిగా చూశాడు. "మాట అడగకుండా అక్షరాలు అడుగుతున్నావేమిటే" అన్నాడు. అయినా కొట్టాడు. సిర్ర దెబ్బలు 12, చిటికెన పుల్ల దెబ్బలు 12. ఏడో దెబ్బలో కోడి కూసింది, అది కూడా ఉంచుకున్నాను. మెత్తని దెబ్బలు ఆయనకు రావు. మెత్తగా కొట్టమంటే డప్పుకు జ్వరమొచ్చిందా అంటాడు.

రీపర్ వేసుకున్నాను. ఖాళీ ఇల్లన్న మాట నిజమే, మీరు చెప్పకపోతే నేనూ మూసేసేదాన్ని. దెబ్బలన్నీ మీటలకు కట్టాను. వేగం నా రికార్డులో లెక్కపెడితే మీరు ఊరికే అన్న 112కి దగ్గరగానే, 110 వచ్చింది. 112 పెట్టాను. కాలమానం 6/8 చేశాను. గళ్ళు కుదిరాయి. దెబ్బలన్నీ గళ్ళలో బుద్ధిగా కూర్చున్నాయి. కానీ దరువు నీరసంగా ఈడుస్తోంది. ఎందుకో తెలియక పెద్దనాన్నకే ఇయర్‌ఫోను పెట్టాను. పది క్షణాలు విని తీసేశాడు.

"పెళ్ళికొడుకును తీసుకెళ్తున్నావా, పీనుగనా?"

ఎక్కడ పాడుచేశాను?


నలభై నాలుగు పాయింట్ ఒకటి:

మీరు కాదు, 6/8 సలహా పాడుచేసింది. పాతకాపు గారికి కోపం రాకూడదు.

సాఫ్ట్‌వేర్‌లో 112 అని వేస్తే అది నిమిషానికి 112 పావు స్వరాలు (క్వార్టర్ నోట్లు) అని అర్థం చేసుకుంటుంది. 4/4లో మీరు తొడ మీద వేసే తాళం, ఆ పావు స్వరం ఒకటే, కాబట్టి గొడవ లేదు. 6/8లో మీ తాళం ఒక్కోటీ ఒకటిన్నర పావు స్వరాల పొడవు. అంటే తాళం వేగం 112ను ఒకటిన్నరతో భాగిస్తే వచ్చే 75 అయింది. పెద్దనాన్న గారు ఆ 75ను సరిగ్గానే గుర్తుపట్టారు. 6/8లోనే ఉండాలంటే వేగం 168 వేయండి.

అయితే నేనైతే 4/4కే తిరిగి వెళతాను. వేగం 112 ఉంచండి, మిడి ఎడిటర్ కింద గ్రిడ్‌ను 1/8 చేసి, దాని రకాన్ని ట్రిప్లెట్‌గా, అంటే మూళ్ళ నడకకు, మార్చండి. ఆవర్తానికి 12 గళ్ళు వస్తాయి, తాళం వేగం అలాగే ఉంటుంది. మీకు కావాల్సిన బరువైన బాసు నాలుగు తాళాల మీద నిలబడుతుంది, దాని మీద డప్పు మూళ్ళలో దొర్లుతుంది. రెండూ ఒకే కొలతలో ఉంటే కలపడం తేలిక.

కొనమన్న జాబితాను వెనక్కి తీసుకోను, వాయిదా వేస్తున్నాను.


ఆర్కెస్ట్రా పాతకాపు:

కోపం ఎందుకు బాబూ. పెళ్ళి ఊరేగింపును శ్మశానం దారి పట్టించింది నేనే. నా కీబోర్డులో 6/8 నొక్కితే తాళం అలాగే ఉంటుంది, కంప్యూటర్‌లోనూ అంతే అనుకున్నాను. మన్నించు చెల్లీ. పెద్దనాన్నకు కూడా నా తరఫున చెప్పు.

12 గళ్ళలోకి వెళ్ళాక ఇంకో చిక్కు వస్తుంది, ముందే చెబుతాను. దరువు తప్పు లేకుండా ఉంటుంది, ప్రాణం ఉండదు. ఏలూరులో ఒకసారి నా కీబోర్డు దరువుకు పాడాల్సిన జానపద గాయకుడు మొదటి చరణం కాగానే చెవిలో, "అన్నా, దరువును ఇస్త్రీ చేసి తెచ్చావు" అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. అన్ని దెబ్బలూ సరిగ్గా గడి గీత మీద, అన్నీ ఒకే బలంతో పడితే ఇస్త్రీ మడతే.

ఇలా చేయి. మొదటి రికార్డు ఉంది కదా, పూర్తి దరువు కొట్టింది. దాన్ని రీపర్‌లో ఒక ట్రాకులో పడెయ్. కింద నీ గళ్ళ దరువు పెట్టు. రెండింటి అలలనూ పెద్దవి చేసి పక్కపక్కన చూడు. ఆయన వేగం 110 అన్నావు కాబట్టి ముందు నీదీ 110 చేయి. మొదటి దెబ్బలు కలిసేలా జరుపు. రెండో దెబ్బ, మూడో దెబ్బ గీతకు ఎంత ముందు పడ్డాయో, ఎంత వెనక పడ్డాయో కొలు. ఆ కొలతకు నీ దెబ్బలను చేత్తో జరుపు. దెబ్బలను గీత మీదికి లాగే క్వాంటైజ్ మీట నొక్కాలనిపిస్తే దాని బలం నూటికి 60 దాటనివ్వకు. ఒక్క ఆవర్తం చేస్తే చాలు, మిగతావి దాన్ని చూసి చేత్తో వేసుకోవచ్చు. కాపీ చేసి అతికించావో, కుట్టుమిషనే.

బాసు మాత్రం గీత మీదే ఉండనివ్వు. ఒకరు నిలకడగా ఉంటేనే ఇంకొకరు జారగలరు.


జనగామ బస్సు:

కొలిచాను. రాత్రి రెండయింది.

సిర్ర దెబ్బ ఎప్పుడూ గీత మీదే. చిటికెన పుల్ల రెండో దెబ్బ దాదాపు 10 మిల్లీసెకన్లు ముందు పడుతోంది. మూడోది వెనక. ఎంత వెనక అనేది నిలకడగా లేదు, ఒకసారి 12, ఒకసారి 20. నాలుగో ఆవర్తం చివర మాత్రం ఏ లెక్కకూ అందలేదు. అక్కడ ఆయన జనాన్ని చూసి ఊపు పెంచాడు, నాకు గుర్తుంది. అది అలాగే వదిలేశాను, గళ్ళలో పెట్టలేదు.

ఎనిమిది ఆవర్తాలు అయ్యాయి. బాసు వైటల్‌లో చేశాను, ఒక్క సైన్ తరంగం (నీడలేవీ లేని ఒంటి స్వరం), పైన కొంచెం సాచురేషన్. ఫోను స్పీకర్లో కూడా వినిపిస్తోంది భీమిలి గాలి గారూ. సింథసైజర్‌ను నాదస్వరం లాగా చేయబోతే ఈల వచ్చింది, అదే బాగుందని ఉంచేశాను. కోడి ఐదో ఆవర్తంలో కూస్తుంది. అన్నీ కలిపితే ధ్వని బలం చూపే మీటరు ఎర్రబడింది, అన్ని ట్రాకులూ సమానంగా దించి మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరికి తెచ్చాను. ఇక్కడ పెడుతున్నాను, తిట్టినా ఫరవాలేదు. పేరు పెట్టలేదు.

పెద్దనాన్నకు ఫోనులో వినిపించాను. ఈసారి పూర్తిగా విన్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడోది ఇంకాస్త వెనక్కి పోవాలి" అన్నాడు. ఎంత అని అడిగితే, "ఎంతేమిటి, ఇంకాస్త" అన్నాడు.

డప్పు ఆరోజు సరిగ్గా కాగలేదట. ఆదివారం మళ్ళీ కాచి కొడతానన్నాడు. ఫోను చార్జింగ్ పెట్టుకుని రమ్మన్నాడు, గడ్డి కూడా నన్నే తెమ్మన్నాడు.